కారుచౌక చావు

"బానెట్ మీద చెయ్యేస్తే వేడిగా ఉందా, చల్లగా ఉందా? అదొక్కటి చెప్పు బాబాయ్. మిగతా కథ నేను చెప్తాను."

పాలిష్ బాబాయ్ భుజం మీది పసుపు గుడ్డ తీసి మెడ తుడుచుకున్నాడు. అదే గుడ్డతో పక్కనున్న కారు అద్దాన్ని కూడా తుడిచాడు. పాత బళ్లు అమ్మీ అమ్మీ ఆయన చేతులకు ఒక జబ్బు పట్టుకుంది. ఏది కనిపించినా మెరిపించడమే. మాట కూడా అంతే. లోపల తుప్పు, పైన మెరుపు.

"ఏ బండి సార్?" అన్నాడు.

"నువ్వమ్మినవాటిలో మనిషిని చంపింది ఒకటే కదా. ఇంకా ఉన్నాయా ఏంటి?"

అడుగుతున్న మనిషిని అందరూ పట్టకారు అంటారు. ఇన్సూరెన్సు కంపెనీలో సర్వేయరుగా సగం జీవితం నుజ్జయిన బళ్ల కింద పాకి, పైవాళ్ల అబద్ధాలకు సంతకాలు పెట్టలేక బయటికొచ్చి ప్రైవేటు డిటెక్టివ్ అయ్యాడు. పట్టుకుంటే వదలడు కాబట్టి ఆ పేరు. ఆయనకు సొంత బండి లేదు. ఉన్నదల్లా పేరు చివరనున్న కారొక్కటే. దానికి పెట్రోలు అక్కర్లేదు, ఎదుటివాడి మీద ఏవగింపు చాలు.

ఇవాళ ఆ ఏవగింపు ట్యాంకు నిండా ఉంది. కాలేజీలో లెక్కలు చెప్పే లెక్చరరు ఒకాయన, ఈ బాబాయ్ దగ్గర కొన్న పదకొండేళ్ల పొట్టి ఎస్‌యూవీలో గుట్ట రోడ్డు దిగుతూ, మలుపులో కల్వర్టు గోడను గుద్ది చనిపోయాడు. బ్రేకు గొట్టం ఎవరో కోశారని పోలీసులు తేల్చారు. ఎవరో కాదు, స్వయానా బావమరిదేనని కూడా తేల్చి, ఏసీలు బాగుచేసుకుని బతికే ఆ కుర్రాణ్ణి లాకప్‌లో కూర్చోబెట్టారు. సాయంత్రం మేజిస్ట్రేటు ముందు పెడతారు. ఆ తర్వాత వాడు హత్య కేసులో ముద్దాయి, వాడి బతుక్కి ఇక రివర్సు గేరు ఒక్కటే మిగులుతుంది. మొగుణ్ణి పోగొట్టుకున్న అక్క, తమ్ముణ్ణి కూడా పోగొట్టుకోలేక పట్టకారు గుమ్మం ఎక్కింది.

"లెక్చరరు గారు చూడ్డానికొచ్చిన రోజా..." బాబాయ్ అద్దం మీద లేని మరకను ఇంకోసారి తుడిచాడు. "వేడిగానే ఉండుంటుంది సార్. వెనక షెడ్డులోంచి ముందుకు తెచ్చాం కదా."

"నీ షెడ్డు ఎక్కడుంది? పక్క ఊళ్లోనా?"

"ఇదిగో, ఇక్కడే."

"అక్కణ్ణించి ఇక్కడికొస్తే బానెట్ వేడెక్కదు, తెచ్చిన డ్రైవరు కూడా వేడెక్కడు. ఆయన రాకముందే ఇంజన్ ఆన్ చేసి వదిలేశావు. ఎందుకో చెప్పనా? లోపల టైమింగ్ గొలుసు సాగిపోయింది. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేస్తే రేకు డబ్బాలో గోళీలు పోసి ఊపినట్టు మోగుతుంది. వేడెక్కితే గమ్మున ఊరుకుంటుంది. కొనేవాడొచ్చే వేళకి దాని నోరు మూయించావు."

"ఫోటో దిగే ముందు మొహం కడుక్కోరా సార్ ఎవరైనా?"

"కడుక్కోవచ్చు. పళ్లు ఊడాయని నోరు కుట్టేసుకుని దిగరు."

బాబాయ్ నవ్వబోయి, పట్టకారు మొహం చూసి మానేశాడు.

"ఆ మోడల్ జబ్బులు నాకు కంఠతా వచ్చు," పట్టకారు యార్డులో ఉన్న బళ్ల మధ్య నడుస్తూ అన్నాడు. "పదేళ్లు దాటాక పెట్రోలుతో పాటు ఇంజన్ ఆయిల్ కూడా తాగుతుంది. ఆటోమేటిక్ గేరు పెట్టె ఎక్కిళ్లు పెడుతుంది. ఇంజన్‌ని చల్లబరిచే కూలెంటు ఎక్కడ కారుతుందో దానికే తెలియదు. చక్రాల దగ్గర రబ్బరు బుష్‌లు అరిగి, గుంతలో పడినప్పుడల్లా ఎవరో తలుపు కొట్టినట్టు ఉంటుంది. కింద తుప్పు సంగతి సరే. కారు అంటే కారేదని అర్థం చెప్పుకోవాలి దాన్ని చూస్తే. ఇందులో ఆయనకి ఎన్ని చెప్పావు?"

"అడిగినవాటికి చెప్పాను సార్. అడగనివి చెప్తే అతి తెలివి అంటారు."

"ఏం అడిగాడు?"

"పాటలు బాగా వినిపిస్తాయా అని అడిగాడు."

పట్టకారు కళ్లు మూసుకుని తెరిచాడు. పిల్లలకు కలనగణితం చెప్పే మనిషి, ఒక్క బండి లెక్క చూసుకోలేకపోయాడు. లెక్కల లెక్చరరు కాదు, లెక్కచెయ్యని లెక్చరరు.

"తక్కువకి ఇచ్చావా?"

"కారుచౌక సార్! అయినా గొట్టం కోసినవాణ్ణి లోపల పెట్టుకుని, అమ్మినవాడి మీద పడతారేంటి? బండిలో ఏ లోపమున్నా బ్రేకు తెగ్గొట్టింది నేను కాదుగా?"

"కోశారని తెలిసిన రోజు హాయిగా నిద్రపట్టుంటుందే నీకు."

పాలిష్ బాబాయ్ ఈసారి నిజంగానే నవ్వాడు. గుడ్డ మడత పెట్టి భుజాన వేసుకుంటూ, "దేవుడున్నాడనుకున్నాను సార్," అన్నాడు.

"ఉన్నాడు. కానీ నీ షోరూమ్‌లో ఆయనకి వాటా లేదు," అని పట్టకారు గేటు దాటాడు.

* * *

పోలీస్ స్టేషన్ వెనక రేకుల షెడ్డులో ఆ ఎస్‌యూవీ ముక్కు పగిలి కూర్చుంది. అటూ ఇటూ దొంగ స్కూటర్లు. లాయరు తెచ్చిన కోర్టు అనుమతి కాగితం గార్డు చేతిలో పెట్టి, పట్టకారు చొక్కా చేతులు మడిచాడు. అంతలో వెనక నుంచి దువ్వెన చప్పుడైంది.

ఇన్‌స్పెక్టరు దువ్వుకుంటూనే వస్తున్నాడు. స్టేషన్‌లో ఆయన పేరు ప్రెస్‌మీట్. నేరం జరిగిన సంగతి నేరం చేసినవాడికన్నా ముందు విలేఖరులకు తెలియాలన్నది ఆయన సిద్ధాంతం. పట్టకారు సర్వేయరుగా ఉన్న రోజుల్లో ఈయన దర్యాప్తులు రెండు కోర్టులో కూల్చేశాడు. ఆ బొప్పి ఇంకా తగ్గలేదు.

"ఓహో, పట్టకారు గారా! పాత ఇనుము ఏరుకోవడానికొచ్చారా?"

"ఔనండీ. పాత బుర్రలు కూడా తూకానికి తీసుకుంటాను. మీది తెచ్చారా, దువ్వడానికి పైభాగం మాత్రమే తెచ్చారా?"

గార్డు దగ్గొచ్చినట్టు మొహం అటు తిప్పుకున్నాడు.

"చూడండి," ప్రెస్‌మీట్ దువ్వెన జేబులో పెట్టాడు. "కేసు అద్దంలా ఉంది. ముందు రోజు బావాబావమరుదులు వీధిలో అరుచుకున్నారు. 'ఇందులో ఎక్కితే చస్తావు బావా' అని ఆ కుర్రాడు అన్నమాట వీధంతా విన్నారు. అంతకుముందు వాడు ఈ బండి కిందే పడుకుని ఉండగా చూసినవాళ్లున్నారు. రోడ్డు మీద టైరు గీత ఒక్కటి లేదు. అంటే బ్రేకు పడలేదు. కింద చూస్తే గొట్టం తెగి ఉంది. నాలుగూ కలిపితే ఏమొచ్చింది?"

"మీరు కలిపితే అయిదొచ్చింది."

పట్టకారు డ్రైవరు సీటులో కూర్చున్నాడు. డాష్‌బోర్డు మీద మీటర్ల అద్దం మూలన నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి ఉంది. నాలుగు పక్కలా కత్తెరతో తిన్నగా కోసి, ఓపిగ్గా అంటించిన ముక్క. గోరుతో పైకెత్తాడు. కింద ఆయిల్ డబ్బా బొమ్మ. ఇంజన్‌లో ఆయిల్ ప్రెషర్ పడిపోతే ఎర్రగా వెలిగే దీపం.

"ఇదేంటో తెలుసా?"

"అద్దం పగిలి అంటించుకున్నాడేమో."

"అద్దం బాగానే ఉంది. పగిలింది పరువు. దీపం వెలుగుతుంటే పక్కన కూర్చున్న పెళ్లాం అడుగుతుంది, వెనక కూర్చున్న కూతురు అడుగుతుంది. కారుచౌకగా కొట్టేశానని చుట్టాలందరికీ చెప్పుకున్నాక, మోసపోయానని ఒప్పుకోవడం ఎలా? అందుకని దీపానికి గంతలు కట్టాడు."

దిగి వెనక డిక్కీ తెరిచాడు. స్టెపినీ చక్రం కింద గుడ్డసంచీలో చుట్టిన ఖాళీ ఆయిల్ డబ్బాలు బయటపడ్డాయి. ఎవరూ చూడకుండా పోసుకుంటూ వచ్చాడన్నమాట. ముందుకొచ్చి, వంగిపోయిన బానెట్‌ను తోసి, ఆయిల్ కొలిచే పుల్ల లాగాడు. కొసన తారులాంటి నల్లటి జిగురు తప్ప ఆయిల్ చుక్క లేదు. బ్యాగులోంచి పెద్ద స్పానరు తీసి, ఇంజన్ పక్కనున్న పుల్లీ బోల్టుకు తగిలించి, ఒంటి బరువంతా వేసి నొక్కాడు. కదల్లేదు. ఇంకోసారి నొక్కాడు. స్పానరే జారింది కానీ ఇంజన్ ఇంచు తిరగలేదు.

"బండి సీజ్ చేశామని అద్దం మీద కాగితం అంటించారు చూడండి," అన్నాడు రొప్పుతూ. "మీకన్నా ముందు ఇంజనే సీజైపోయింది. ఆయిల్ లేక బేరింగులు కరుచుకుపోయాయి."

"అయితే?"

"అయితే ఏంటని ఆ విలేఖరుల్ని అడుగుతారా, నన్నే చెప్పమంటారా? గుట్ట దిగుతుంటే ఇంజన్ ఉన్నట్టుండి చచ్చింది. ఆటోమేటిక్ గేరు కాబట్టి చక్రాలు మాత్రం దొర్లుతూనే ఉన్నాయి. ఇంజన్ ఆగితే స్టీరింగు రోలు తిప్పినట్టు బరువెక్కుతుంది. బ్రేకుకి కూడా ఇంజన్ సాయం పోతుంది. రెండుసార్లు తొక్కేసరికి పెడల్ బండరాయి అవుతుంది. తొక్కుతూనే ఉన్నాడు, బండి ఆగలేదు. టైరు గీతలు ఎక్కణ్ణించి వస్తాయి? ఆయన ఆ రోజు నడిపింది రెండు బళ్లు. ఒకటి కారు, రెండోది అహంకారు. మొదటిది ఆగిపోయింది. రెండోది ఆయన్ని గోడ దాకా తీసుకెళ్లింది."

చనిపోయిన మనిషి మీద ఈ మాట కాస్త ఎక్కువేనని గార్డు మొహం చెప్పింది. పట్టకారు పట్టించుకోలేదు. ఆయన దగ్గర జాలి స్టెపినీ చక్రంలాంటిది. ఎక్కడో అడుగున ఉంటుంది, అవసరమైతే తప్ప తీయడు.

ప్రెస్‌మీట్ మీసం కింద పెదవులు బిగించాడు. "కథ బాగుంది. మరి తెగిన గొట్టం? అది కూడా అహంకారంతో తెగిందా?"

"దానికే వస్తున్నాను." పట్టకారు ముందు చక్రం పక్కన వెల్లకిలా పడుకుని టార్చి వేశాడు. "మీరూ వంగండి. క్రాపు చెదరదు."

ప్రెస్‌మీట్ వంగలేక వంగాడు.

"బ్రేకు తొక్కుతున్నప్పుడు గొట్టం తెగి ఉంటే లోపలి ద్రవం పిచికారీ కొట్టినట్టు చిమ్మాలి. చక్రం లోపలంతా తడిసి, దుమ్ము అంటి బురద కట్టాలి. ఇప్పుడు చూడండి." గట్టిగా ఊదాడు. చక్రం లోపలి పొడి దుమ్ము లేచి నేరుగా ప్రెస్‌మీట్ ముక్కులోకి వెళ్లింది. ఆయన తుమ్ముతుంటే పట్టకారు వేలు కింది సిమెంటు నేల వైపు చూపించింది. సరిగ్గా గొట్టం కిందే, అరచేతంత జిడ్డు మరక. "ఒక్కో చుక్కే తిన్నగా కిందికి కారింది. బండి కదలకుండా నిలబడి ఉన్నప్పుడు, ఈ చోటే."

"క్రేనుతో లాక్కొస్తున్నప్పుడు కారుండొచ్చు."

"దారంతా బిగబట్టుకుని, మీ షెడ్డులోకొచ్చాక తీరిగ్గా కారిందా? అంత మర్యాద తెలిసిన బండా ఇది? తెచ్చిన రోజు కింద చూశారా మీరు?"

"ఎందుకు చూస్తాం? అప్పటికి మామూలు ప్రమాదమే అనుకున్నాం. నాలుగోరోజు ఆ గొడవ సంగతి తెలిశాక మెకానిక్కుని తెచ్చి చూపించాం."

"అదీ సంగతి. ఆ మధ్యలో కోశారు. ఇక్కడే. మీ తాళం లోపల, మీ పహరా కింద, మీ ముక్కు ఇప్పుడున్న చోటుకి జానెడు దూరంలో."

ప్రెస్‌మీట్ లేచి మోకాళ్లు దులుపుకున్నాడు. ఒక్క క్షణం ఆయన మొహంలో ఏదో ఆలోచన తొంగిచూసింది. కొత్త చోటు కావడంతో ఎక్కువసేపు నిలవలేదు.

"చచ్చిపోయినవాడి బండికి బ్రేకు కోసేదెవడండీ? ఎవడికి లాభం? మీ సరసాలు కోర్టులో చెప్పుకోండి. నా యార్డులోకి పిట్ట కూడా రాలేదు. ఇప్పుడే వెళ్లి ఆ కుర్రాడికి గొట్టం ఫోటో చూపిస్తాను. సాయంత్రం లోపల వాడి చేతే చెప్పిస్తాను." దువ్వెన మళ్లీ బయటికి తీసి, బూట్లు టకటకలాడించుకుంటూ లోపలికి వెళ్లిపోయాడు.

పట్టకారు చేతులు తుడుచుకుంటూ గార్డు వైపు తిరిగాడు. "పిట్ట రాలేదు సరే. మనుషులు?"

గార్డు బూటు కొనతో నేల గీరాడు. "ఎవరూ రాలేదు సార్."

"పాలిష్ బాబాయ్ అని, భుజాన పసుపు గుడ్డ వేసుకుని తిరుగుతాడు. వచ్చాడా?"

"అలాంటోళ్లు ఎవరూ రాలేదు."

"మరి ఎలాంటోళ్లు వచ్చారు?"

గార్డు నేల గీరడం ఆపాడు. "ఆవిడొక్కరే సార్. పోయినాయన భార్య. దహనం అయిన మర్నాడనుకుంటా. ఆయన కళ్లజోడు బండిలోనే ఉండిపోయింది, తీసుకుంటానంటే ఇన్‌స్పెక్టరు గారే పంపించమన్నారు. పాపం సీటు మీద చెయ్యేసి ఏడుస్తా ఉంటే నాకే చూడబుద్ధి కాలేదు. ఇటు తిరిగి నిలబడ్డాను. మనిషన్నాక..."

"ఎంతసేపు తిరిగి నిలబడ్డావు?"

"ఏడుపు ఆగేదాకా సార్."

పట్టకారు చేతిలో గుడ్డ అక్కడే ఆగిపోయింది. ఇప్పటిదాకా ఆయన వెటకారం ఒక్కటి కూడా గురి తప్పలేదు. ఇప్పుడు గురిలోకి వచ్చి నిలబడింది, ఆయన్ని పిలిచిన మనిషే.

* * *

ఆమె స్టేషన్ వరండాలో చెక్క బల్ల మీద కూర్చుని ఉంది. తమ్ముడి కోసం తెచ్చిన భోజనం క్యారియరు ఒళ్లో పెట్టుకుని, రెండు చేతులతో పట్టుకుంది. పట్టకారుని చూసి లేవబోయింది. వద్దని సైగ చేసి, పక్కన కూర్చున్నాడు.

"ఏమైనా తేలిందా అన్నయ్యగారూ?"

"ఇంజన్ పట్టేసింది. మీ ఆయన ఆయిల్ దీపం మీద టేపు వేశాడు. తెలుసా నీకు?"

"టేపు ఉందని తెలుసు. అడిగితే, ఎండ పడి కళ్లల్లో కొడుతోందన్నారు. ఇంకా అడిగితే కోపం." ఆమె క్యారియరు పిడి సర్దింది. "అయితే మా తమ్ముడి తప్పు లేదని రుజువైనట్టేగా? వాణ్ణి వదిలేస్తారుగా?"

"కళ్లజోడు దొరికిందా అమ్మా?"

ఆమె చేతులు ఆగాయి.

"దొరికింది," అంది. "ఒక అద్దం పగిలింది."

"గొట్టం దేంతో కోశావు?"

లోపలెక్కడో టైపు చేస్తున్న చప్పుడు వినిపిస్తోంది. ఎవరో కానిస్టేబులు టీ గ్లాసులు పట్టుకుని వాళ్ల ముందు నుంచి వెళ్లాడు. అతను మలుపు తిరిగేదాకా ఆమె మాట్లాడలేదు.

"మా తమ్ముడి సామాన్ల సంచీ మా ఇంట్లోనే ఉంటుంది. అందులో ఉన్న కట్టరుతో." ఆమె క్యారియరు మూత నొక్కింది. "ఆ పాలిష్ మనిషి పలకరింపుకని ఇంటికొచ్చాడు. మా ఆయన ఫోటో ముందు నిలబడి, 'బండి బంగారం అమ్మా, సార్‌కే చెయ్యి తిరగలేదు' అన్నాడు. మా అత్తగారు వింటున్నారు, మా పాప వింటోంది. మంచినీళ్లు తాగి వెళ్లాడు అన్నయ్యగారూ. నేనిచ్చిన మంచినీళ్లే."

పట్టకారు చేతిలోని గుడ్డ మడిచి జేబులో పెట్టాడు.

"వాడు చెడిపోయిన బండి అమ్మాడని నాకు తెలుసు. మా తమ్ముడు చూసి చెప్పాడు కూడా. అందుకే గొడవ పడ్డారు ఇద్దరూ. ఎక్కొద్దు బావా, చస్తావు అని వీడు. నీ ఏసీలు చూసుకోరా, నాకు బళ్లు నేర్పకు అని ఆయన. కానీ ఇంజన్ సంగతి నేను చెబితే ఎవరికి అర్థమవుతుంది? బ్రేకంటే చిన్నపిల్లలకైనా తెలుసు. బ్రేకులు పోయిన బండి అమ్మాడని వాణ్ణి లోపలేస్తారనుకున్నాను. అంతే. మా వాణ్ణి తీసుకెళతారని..."

"గొట్టం దానంతటది పోతే పగుళ్లిస్తుంది, చిరుగుతుంది. కత్తిరించినట్టు తెగదు. కోసినట్టుంటే కోసినవాడి కోసం వెతుకుతారు. అది తట్టలేదా?" పట్టకారు గొంతు తనకు తెలియకుండానే పాత పదునెక్కింది. "అసలు సాక్ష్యం ఆ ఇంజన్‌లో ఉంది. నువ్వు గొట్టం కోసేసరికి ఇక దాని మొహం చూసినవాడు లేడు. పాలిష్ బాబాయ్‌కి నువ్వు చేసినంత మేలు వాడి సొంత అక్క కూడా చేసుండదు. ఇంత చేసి నన్నెందుకు పిలిచావు?"

"మీరు పాత బళ్లు తెలిసినవారని ఎవరో చెప్పారు. ఇంజన్ సంగతి బయటపెడితే చాలు, గొట్టం గురించి ఇక ఎవరూ అడగరనుకున్నాను."

"నన్ను పిలిచి, సగమే పట్టుకుని సగం వదిలెయ్యమంటే ఎలాగమ్మా?"

ఆమె తలెత్తి చూసింది. ఏడుపు లేదు. ఏడవడానికి కావలసినంత తీరిక ఆ మొహానికి ఈ మధ్య దొరికినట్టు లేదు.

"తప్పు నాదే. ఇప్పుడు చెప్తే నాకేమవుతుంది?"

"సాక్ష్యం పాడుచేసినందుకు కేసు. బెయిలు రావచ్చు. కానీ కోర్టుల చుట్టూ తిరుగుతావు, చుట్టాలంతా చెవులు కొరుక్కుంటారు. 'మొగుడి బండికి తనే గొట్టం కోసిందట' అంటారు. చావుకి ముందో వెనకో ఎవడూ అడగడు. మీ పాప స్కూల్లో వింటుంది."

"చెప్పకపోతే వాడికి?"

"వాడికి హత్య."

బల్ల అంచు మీద ఆమె వేలు అటూ ఇటూ కదిలింది. పట్టకారు ఎదురుచూశాడు. జీవితంలో ఎన్నో బళ్ల నష్టాలు అంచనా వేశాడు. ఏ భాగం బాగుచేయొచ్చో, ఏది పారేయాలో చూడగానే చెప్పగలడు. ఈ కుటుంబంలో ఏ భాగం పోయిందో, ఏది నిలుస్తుందో చెప్పమంటే ఆయనకు కూడా నోరు రాలేదు. లాయరుకు ముందు చెప్పి, ఆయనతో కలిసి వెళ్లి చెప్పడం మంచిదని అనబోయాడు.

అంతలో ఇన్‌స్పెక్టరు గది తలుపు దభాలున తెరుచుకుంది.

ప్రెస్‌మీట్ మీసం రెండు వైపులా నవ్వుతోంది. ఒక చేతిలో ఫోటో, ఇంకో చేతిలో చెవికి ఆనించిన ఫోను. "కెమెరా తెచ్చుకోండి, ఒక్కరే వచ్చి ఊరుకోకండి," అని ఎవరికో చెబుతూ వచ్చి, పట్టకారు ముందు ఆగాడు.

"ఏమండీ దుమ్ము ఊదే పండితుడు గారూ! ఒప్పుకున్నాడు!"

పట్టకారు లేచాడు. "ఏం ఒప్పుకున్నాడు?"

"గొట్టం ఫోటో చేతికిచ్చాను. ఒక్కసారి చూశాడు. మొహం తెల్లబోయింది. మంచినీళ్లడిగాడు. తాగి, 'ఇది నా కట్టరుతో కోసిందే, దాని నోటికి ఓ చోట పన్ను విరిగింది, అందుకే మధ్యలో ఇలా పీచు మిగిలింది' అన్నాడు. 'నేనే కోశాను, ఎవరినీ పిలవొద్దు, ఏం రాసుకుంటారో రాసుకోండి' అన్నాడు. పన్ను విరిగిన సంగతి కూడా వాడే చెప్పాడు చూశారా! దర్యాప్తంటే ఇదీ. మీరేమో చుక్కలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నారు!"

సామాన్ల సంచీ ఎవరింట్లో ఉందో ఆ కుర్రాడికి తెలుసు. ఫోటో చూసిన క్షణంలో వాడికి అంతా అర్థమైపోయింది. అర్థమయ్యాక తాగిన మంచినీళ్లు అవి. ఇప్పుడు వాడు చెప్పింది వెనక్కి తీసుకోడు. నేల మీద మరక, చక్రంలో దుమ్ము, పట్టేసిన ఇంజన్, అన్నీ ఒకవైపు. 'నేనే' అన్న మాట ఇంకోవైపు. ఏ కోర్టు ఏది వింటుందో పట్టకారుకి తెలుసు.

"ఇన్‌స్పెక్టరు గారూ, ఒక్క నిమిషం ఆ ఫోను పెట్టండి," అన్నాడు. వెటకారం లేకుండా ఇన్‌స్పెక్టరుతో ఆయన అన్న మొదటి మాట అది. "లాయరు వచ్చేదాకా..."

"ఎందుకు పెట్టాలి? సాయంత్రం వార్తల్లో మొదటిది ఇదే. 'బావను చంపిన బావమరిది...'"

క్యారియరు బల్ల మీద పెట్టిన చప్పుడైంది. ఆమె లేచి నిలబడింది. లాకప్ వైపు నుంచి ఊచలు పట్టుకున్న తమ్ముడి గొంతు వినిపించింది. "అక్కా, నువ్వింటికెళ్లిపో. పాప నీ కోసం చూస్తుంటుంది. వెళ్లిపో అక్కా!"

ఆమె అటు చూడలేదు. పట్టకారు చెయ్యి అడ్డం పెట్టబోతే, సినిమా హాలులో వరస దాటుకుని వెళ్లే మనిషిలా, దాన్ని మెల్లగా పక్కకు జరిపి, ఇన్‌స్పెక్టరు ఎదురుగా వచ్చి ఆగింది. ఆయన పాలిష్ చేసిన బూట్ల నుంచి దువ్విన జుట్టు దాకా ఒకసారి చూసింది. ఇన్నాళ్లూ పట్టకారు చూసిన చూపులన్నీ ఆ ఒక్క చూపు ముందు చవగ్గా కనబడ్డాయి.

"ఆ కట్టరు మా ఇంట్లో ఉంది," అంది. "గొట్టం ఎవరు కోశారో మా తమ్ముడికి ఇందాకే తెలిసింది. ఈ అన్నయ్యగారికి అంతకుముందే తెలిసింది. మీ గేటు దగ్గరున్న అబ్బాయిని అడిగితే, ఆ బండి దగ్గరికి వచ్చింది నేనొక్కదాన్నేనని అతనూ చెప్పేవాడు. ఇన్‌స్పెక్టరు గారూ, ఇక్కడ తెలియనిది మీ ఒక్కరికే."